పది తర్వాత దారి ఎంచుకునే ముందు: ప్రభుత్వ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు బహిరంగ లేఖ

ప్రియమైన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

మేము జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో, గురుకులాల్లో పదో తరగతి దాకా చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో, విశాఖపట్నంలో, తిరుపతిలో ఇంజనీరింగు, డిగ్రీ, నర్సింగు, వ్యవసాయ కోర్సులు చదువుతున్న కొందరం. హాస్టల్లో ఎప్పుడు నలుగురం కూర్చున్నా మా మాటలు చివరికి ఒకచోటికే చేరుతున్నాయి: ఈ సంగతి పదో తరగతిలో ఉన్నప్పుడే తెలిసి ఉంటే ఎంత బాగుండేదని. ఎవరినీ నిందించడానికి ఈ లేఖ రాయడం లేదు. సెలవు రోజుల్లో కూడా ప్రత్యేక తరగతులు పెట్టి మమ్మల్ని గట్టెక్కించిన ఉపాధ్యాయుల శ్రమ మాకు తెలుసు. మా అమ్మానాన్నల్లో చాలామంది కాలేజీ మెట్లెక్కినవాళ్ళు కారు. తమకు తెలియని దారిలో మమ్మల్ని ధైర్యంగా పంపించినవాళ్ళు. అందుకే, ఆ వయసులో ఉన్న మాకు మేము చెప్పుకోవాలనుకున్న మాటలను, ఇప్పుడు ఆ బెంచీల మీద కూర్చున్న మీకు చెబుతున్నాం.

పరీక్షకు ఎలా చదవాలో మీకు రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు కాబట్టి ఆ విషయం జోలికి మేము పోవడం లేదు. పరీక్షలు ముగిసిన రోజు నుంచి మీరు ఏదో ఒక కాలేజీలో చేరే రోజు దాకా మధ్యలో ఉండేది రెండు మూడు నెలలు మాత్రమే. ఆ కొద్ది రోజుల్లోనే రాబోయే ఆరేడేళ్ళ మీ చదువు ఏ వైపు సాగాలో తేలిపోతుంది. అంత పెద్ద నిర్ణయానికి కావలసిన సమాచారం మాత్రం ఆ సమయానికి చాలామంది ఇళ్ళలో ఉండదు. పక్కింటి అబ్బాయి ఎంపీసీ తీసుకున్నాడని ఎంపీసీ, స్నేహితురాలు చేరిందని బైపీసీ, ఇంటికి వచ్చిన మనిషి బాగా మాట్లాడాడని ఆ కాలేజీ, ఇలా జరిగిపోతుంది. మీ విషయంలో అలా జరగకూడదన్నదే మా కోరిక. వేసవి వచ్చేదాకా ఆగకుండా, తొమ్మిదో తరగతిలో ఉన్నా పదిలో ఉన్నా, ఇప్పటి నుంచే అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టండి.

ముందుగా కాగితాల గురించి చెబుతాం. చదువు గురించి రాస్తూ కాగితాలతో మొదలుపెట్టడం మీకు వింతగా అనిపించవచ్చు గానీ, ప్రవేశాల కౌన్సెలింగు కేంద్రాల దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ర్యాంకు రాక ఏడ్చినవాళ్ళు కారు, కాగితం సరిగ్గా లేక ఏడ్చినవాళ్ళే. పబ్లిక్ పరీక్షలకు కొన్ని నెలల ముందు మీ బడిలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ళ వివరాల జాబితాలు, తయారవుతాయి. క్లాసు టీచరు అడ్మిషన్ రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినే పిలిచి, పేరు, ఇంటి పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ, చివరికి ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో కూడా రాసుకుని, సరిచూసి సంతకం చేయమంటారు. వెనక నిలబడ్డవాళ్ళు తోస్తుంటారు, బెల్లు కొట్టే వేళ అవుతుంటుంది, మీరు గబగబా సంతకం పెట్టి పరుగెత్తాలనుకుంటారు. దయచేసి ఆ ఒక్క కాగితాన్ని మాత్రం అక్షరం అక్షరం చదవండి. అందులో ఉన్నదే మీ మార్కుల మెమోలో అచ్చవుతుంది. ఆ మెమోనే తర్వాత ఉద్యోగానికైనా, పాస్‌పోర్టుకైనా మీ పుట్టిన తేదీకి రుజువుగా అడుగుతారు. ఇంటి పేరు ఆధార్‌లో పూర్తిగా ఉండి ఇక్కడ ఒక్క అక్షరంగా పడినా, 'లక్ష్మి' చివర ఇంగ్లిషులో ఒకచోట ఐ, మరొకచోట వై పడినా, ప్రతి దరఖాస్తు దగ్గరా అదొక ప్రశ్నగా లేస్తుంది. మెమో వచ్చిన తర్వాత దిద్దించుకోవాలంటే ప్రధానోపాధ్యాయుల నుంచి జిల్లా విద్యాశాఖాధికారికి, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల డైరెక్టరు కార్యాలయానికి దరఖాస్తు వెళ్ళాలి. నామినల్ రోల్ దశలో అయితే టీచరు పెన్నుతో కొట్టేసి పక్కన సరిగ్గా రాస్తే సరిపోతుంది. ఆధార్‌లోనే తప్పు ఉంటే ముందు దాన్ని సరిచేయించుకుని, రెండూ ఒకే తీరుగా ఉండేలా చూసుకోండి.

అలాగే కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ తీసుకోవాలో, ఎన్ని రోజులు పడుతుందో ఇప్పుడే కనుక్కోండి. తెలంగాణలో మీసేవ కేంద్రాల్లో, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశాల కాలంలో అందరూ ఒకేసారి వచ్చి పడతారు కాబట్టి అప్పుడు ఆలస్యమవుతుంది. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి వెబ్‌సైట్ల ద్వారా వచ్చే ఉపకారవేతనాలకు ఇవి లేకుండా పని జరగదు. ఇంకొక ముఖ్యమైన సంగతి: ఇంటర్ తర్వాత ఇంజనీరింగు, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన ఈఏపీసెట్ కౌన్సెలింగుకు వెళితే, మీరు ఏ ప్రాంతానికి స్థానికులో తేల్చడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అమ్మానాన్నలు వలస పోవడం వల్ల మధ్యలో రెండు మూడు బళ్ళు మారినవాళ్ళు మీలో ఉంటారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన మా స్నేహితుల్లో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ప్రతి బడి నుంచీ ఆ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పదో తరగతి టీసీ తీసుకునే రోజునే స్టడీ సర్టిఫికెట్లు కూడా అడిగి తీసుకోండి. అన్నింటికీ జిరాక్సులు తీయించి, ఫోన్లో కూడా ఫొటోలు పెట్టుకోండి.

ఈ లేఖ ఎనిమిదో తరగతి చదువుతున్న చెల్లెలో తమ్ముడో చూస్తే వాళ్ళకొక మాట. ఎన్‌ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకారవేతన పరీక్ష ఎనిమిదో తరగతిలోనే రాయాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించనివాళ్ళు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయల చొప్పున వస్తుంది. మా బడుల్లో కొన్నింటిలో ఈ పరీక్ష సంగతి తెలిసేసరికే దరఖాస్తు గడువు దాటిపోయింది. మీరే వెళ్ళి ప్రధానోపాధ్యాయులను అడగండి.

ఇక దారుల విషయం. పది తర్వాత ఉన్నవి ఎంపీసీ, బైపీసీ అనే రెండు దారులేనన్నట్టు మన ఊళ్ళలో మాట్లాడుకుంటారు. సీఈసీ (వాణిజ్య, అర్థ, పౌర శాస్త్రాలు), హెచ్‌ఈసీ (చరిత్ర, అర్థ, పౌర శాస్త్రాలు) తీసుకున్నాడంటే మార్కులు రాలేదేమోనని జాలిపడతారు. ఈ జాలి వల్ల జరిగిన నష్టం మేము కళ్ళారా చూశాం. చరిత్ర పాఠం చెబుతుంటే కళ్ళప్పగించి వినే పిల్లలను తీసుకెళ్ళి, వాళ్ళకు ఇష్టంలేని సమీకరణాల మధ్య రెండేళ్ళు కూర్చోబెడతారు. న్యాయవాది కావాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా లాసెట్ రాసి అయిదేళ్ళ లా కోర్సులో చేరవచ్చు. జాతీయ స్థాయి లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దాకా, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం దాకా తలుపులు తెరుచుకుంటాయి. లెక్కలంటే ఇష్టం, సైన్సు మీద అంత ఆసక్తి లేదు అనుకునేవాళ్ళకు ఎంఈసీ (గణితం, అర్థ, వాణిజ్య శాస్త్రాలు) ఉంది. అకౌంట్స్ మీద మనసుంటే చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్ష ఇంటర్ తర్వాతే రాయవచ్చు.

ఇంటర్మీడియట్ జోలికి పోకుండా నేరుగా వెళ్ళే దారులు కూడా మంచివే. పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో మూడేళ్ళ డిప్లొమా చదివితే, ఆ తర్వాత ఉద్యోగానికి వెళ్ళవచ్చు, లేదా ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మా తరగతుల్లో అలా వచ్చినవాళ్ళు ల్యాబుల్లో మాకంటే ముందుంటారు. మేము పుస్తకంలో బొమ్మగా చూసిన యంత్రాన్ని వాళ్ళు అప్పటికే విప్పి బిగించి ఉంటారు. వ్యవసాయ డిప్లొమా చేసినవాళ్ళకు అగ్రిసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్‌కు దారి ఉంది. పొలం పనులు తెలిసిన పిల్లలు ఈ దారిని ఎందుకు తక్కువగా చూస్తారో మాకు అర్థం కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడులు రెండేళ్ళలో పూర్తవుతాయి. ఇంట్లో త్వరగా సంపాదన అవసరమైనవాళ్ళు ఆ దారిలో వెళ్ళడం ఏమాత్రం చిన్నతనం కాదు, డబ్బు చేతికి వచ్చాక పైచదువు కొనసాగించినవాళ్ళు ఎందరో ఉన్నారు.

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మనలాంటి పిల్లలను దృష్టిలో పెట్టుకునే దాన్ని 2008లో స్థాపించారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ప్రాంగణాలకు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, ఒంగోలు తోడయ్యాయి. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం. ప్రభుత్వ బడుల పిల్లలకు అదనంగా కొంత స్కోరు కలుపుతారు. ఇంటర్‌తో సమానమైన రెండేళ్ళ పీయూసీ, నాలుగేళ్ళ బీటెక్ కలిపి ఆరేళ్ళు ఒకేచోట చదువు సాగుతుంది. బడిలో మొదటి వరసలో ఉన్న పిల్లలు ఫలితాల తర్వాత ఈ నోటిఫికేషన్ కోసం కనిపెట్టి ఉండాలి. అలాగే గురుకుల జూనియర్ కళాశాలలకు విడిగా ప్రవేశ ప్రక్రియ ఉంటుంది, కొన్నింటికి పరీక్ష కూడా ఉంటుంది. ఫీజు, తిండి, పడక గురించి ఇంటి మీద భారం పడకుండా చదువుకోగలిగిన ఆ చోటును, తెలియకపోవడం వల్ల వదులుకోవద్దు.

మీరు ఏ దారిలో వెళ్ళినా, తొమ్మిది, పది తరగతుల గణితం మీతోపాటే వస్తుంది. ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో సదిశల పాఠం మొదలవగానే ఒక బలాన్ని రెండు అంశాలుగా విడగొట్టమంటారు. అక్కడ సైన్ తీటా, కాస్ తీటా తప్ప ఇంకేమీ ఉండదు. పదో తరగతిలో త్రికోణమితి పాఠాన్ని మార్కులకు సరిపడా మాత్రమే చదివినవాళ్ళకు ఆ రోజున భౌతికశాస్త్రమే కష్టమనిపిస్తుంది. నిజానికి అడ్డొచ్చింది ఆ త్రికోణమితే. బైపీసీలో లెక్కలు ఉండవు కాబట్టి హాయి అనుకునేవాళ్ళకు ఇంకా గట్టిగా చెప్పాలి. వైద్య ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులకు 180 భౌతికశాస్త్రానివే. ఘాతాంకాలు, నిష్పత్తులు, భిన్నాలు చేతికి రాకపోతే ఆ 180 మార్కుల దగ్గర చాలామంది ఆగిపోతారు. వైద్యం ఒక్కటే లక్ష్యం కానవసరం లేదు కూడా. బైపీసీ చదివి నర్సింగు, ఫిజియోథెరపీ, ఫార్మసీ, వెటర్నరీ, ఉద్యాన, మత్స్య శాస్త్రాల్లో స్థిరపడిన అక్కలను, అన్నలను వెతికి మాట్లాడండి. బిట్ బ్యాంకులు బట్టీపట్టి మార్కులు తెచ్చుకోవచ్చు గానీ, పాఠ్యపుస్తకంలో అధ్యాయం చివర ఉన్న లెక్కలను పక్కన గైడు లేకుండా మీ అంతట మీరు చేసి చూడడమే తర్వాత పనికొస్తుంది.

ఇంగ్లిషు గురించి భయపడకండి, అలాగని దాన్ని వాయిదా కూడా వేయకండి. మీ బడిలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఉంటే ఒకవైపు తెలుగులో అర్థం చేసుకుని, అదే పేరాను రెండోవైపు ఇంగ్లిషులో గట్టిగా చదవండి. కాలేజీలో మాట్లాడలేకపోయామని బాధపడినవాళ్ళలో చాలామందికి విషయం తెలుసు, నోరు తెరిచే అలవాటే లేదు. తరగతిలో చేయి ఎత్తి తప్పో ఒప్పో ఒక ప్రశ్న అడగడం మీకు ఇప్పుడు అలవాటైతే, రెండు వందల మంది కూర్చునే హాల్లో కూడా అడగగలుగుతారు. ఇంటర్‌లో ద్వితీయ భాషగా తెలుగు వదిలేసి, ఎక్కువ మార్కులు వస్తాయని మరొకటి తీసుకోమని సలహాలు వస్తాయి. మా అభిప్రాయం అడిగితే తెలుగు వదలవద్దనే చెబుతాం. మాలో నర్సింగు చదువుతున్నవాళ్ళు వార్డులో రోగి బంధువుకు మందుల చీటీ వివరించేది తెలుగులోనే, వ్యవసాయం చదువుతున్నవాళ్ళు రైతుతో మాట్లాడేదీ తెలుగులోనే.

ఇప్పుడు రాయబోయేది మాకు అన్నింటికంటే ముఖ్యమైనది. ఫలితాల రోజు గురించి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయని తర్వాత బయటపడింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి అసలు వచ్చిన మార్కులు 99. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా విద్యార్థుల పత్రాలను ఉచితంగా మళ్ళీ పరిశీలిస్తే, వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. మెమో మీది అంకె తప్పు కావచ్చు. ఒప్పే అయినా, దాన్ని మార్చుకునే అవకాశం ఉంటుంది. రీకౌంటింగు ఉంది, పునఃపరిశీలన ఉంది, కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ ఉంది, అందులో పాసైనవాళ్ళు అదే ఏడాది పైతరగతిలో చేరవచ్చు. మా మధ్య సప్లిమెంటరీలో గట్టెక్కి ఇప్పుడు తరగతిలో ముందున్నవాళ్ళు ఉన్నారు. మనసు మరీ కుంగిపోతే ఎవరితోనూ చెప్పుకోలేమని అనుకోకండి. మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నంబరును మీ బడి నోటీసు బోర్డు మీద రాయించండి.

చెల్లెళ్ళకు విడిగా ఒక మాట. కాలేజీ దూరమనో, బస్సు లేదనో, మంచి సంబంధం వచ్చిందనో పది తర్వాత చదువు ఆపేసిన స్నేహితురాళ్ళు మా అందరికీ ఉన్నారు. మీ మండలంలోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో ఇంటర్ ఉందేమో అడగండి. చాలాచోట్ల ఉంది, అక్కడే ఉండి చదువుకోవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయడం నేరం, దాన్ని ఆపడానికి పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేస్తే చాలు. కానీ అంతదాకా వెళ్ళకముందే మీ టీచరును ఇంటికి పిలిపించి నాన్నతో మాట్లాడించండి. టీచరమ్మ ఇంటికి వచ్చి చెప్పిన మాటకు మన ఊళ్ళలో ఇప్పటికీ విలువ ఉంది.

చివరగా, మీ ఇంటికి రాబోయే మనిషి గురించి. ఫలితాలు రాకముందే, ఒక్కోసారి పరీక్షలు కూడా మొదలవకముందే, ప్రైవేటు కాలేజీల్లో విద్యార్థులను చేర్పించే పీఆర్వోలు మీ నాన్న ఫోన్ నంబరు సంపాదించి ఇంటికి వస్తారు. ర్యాంకుల ఫొటోలతో నిండిన రంగుల కాగితం చేతిలో పెట్టి, ఇప్పుడే కొంత కడితే కన్సెషన్ ఇస్తామని, రేపటికి సీటు ఉండదని తొందరపెడతారు. ఆయన ఉద్యోగం ఆయనది, అమర్యాదగా మాట్లాడనవసరం లేదు. కానీ ఆ రోజున డబ్బు కట్టవద్దని, ఒరిజినల్ మెమో ఇవ్వవద్దని నాన్నకు చెప్పండి. మా స్నేహితుడొకడు కోర్సు పూర్తిచేసినా, ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు కాబట్టి ఆ మొత్తం నువ్వే కట్టాలంటూ అతని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేసింది. పైచదువులో సీటు వచ్చి కూడా వాటి కోసం అప్పు చేయవలసి వచ్చింది. ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టం చేసింది. ఆ మాట తెలిసిన తండ్రి కౌంటరు దగ్గర ధైర్యంగా నిలబడి అడగగలడు.

కాబట్టి పీఆర్వో వచ్చినప్పుడు మీరు లోపల గదిలో ఉండిపోకండి, నాన్న పక్కనే కూర్చోండి. కాలేజీకి ఇంటర్ బోర్డు అనుబంధం ఉందా, కోడ్ ఎంత అని అడగండి. రెండేళ్ళకూ కలిపి హాస్టల్, పుస్తకాలు, పరీక్షలతో సహా మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసి సంతకం చేయమనండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో, ఒక సెక్షనులో ఎంతమందిని కూర్చోబెడతారో, రాత్రి స్టడీ అవర్ ఎన్నింటికి ముగుస్తుందో, ఆదివారం ఇంటికి ఫోన్ చేసుకోనిస్తారో లేదో అడగండి. ఆ కాగితం మీది ర్యాంకుల పిల్లలతో పాటు చేరిన మిగిలిన విద్యార్థులకు ఏం వచ్చిందో అడగండి. ఆ తర్వాత, ఆయన చెప్పినదంతా విని, మీ ఊరి నుంచి ఆ కాలేజీలో ఇప్పటికే చదువుతున్నవాళ్ళ ఫోన్ నంబరు ఒకటి తీసుకుని, వాళ్ళతో మాట్లాడాకే జవాబు చెబుతామనండి.

ఇట్లు,
మీకంటే కొన్నేళ్ళు ముందు అవే బడుల్లో చదివిన
మీ అన్నలు, అక్కలు